తుఫాను నగరంలో వరద వస్తే ఎన్ని ప్రాణాలు పోతాయి? ముందే లెక్క కట్టడం ఎలా (న్యూ ఆర్లీన్స్ ఉదాహరణతో)

2004 జూలైలో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో అధికారులు ఒక కసరత్తు చేశారు. 'పామ్' అని పేరు పెట్టిన ఊహా హరికేన్ న్యూ ఆర్లీన్స్‌ను ముంచేస్తే ఏమవుతుందో కాగితం మీద లెక్క వేశారు. 60 వేలకు పైగా మనుషులు చనిపోతారని తేలింది. ఏడాది తిరిగాక, 2005 ఆగస్టు 29న, నిజంగానే కత్రినా వచ్చింది. కరకట్టలు తెగాయి. నగరంలో 80 శాతం మునిగింది. మృతులు మాత్రం అన్ని రాష్ట్రాల్లో కలిపి 1,392 మంది. (చాలాకాలం 1,833 అని చెప్పేవారు. 2023లో అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ ఆ అంకెను సవరించింది.)

వరద దాదాపు ఊహించినంతే వచ్చింది. మరి మృతుల అంకెలో ఇంత తేడా ఎందుకు? పామ్ లెక్కలో చాలామంది ఊళ్లోనే ఉండిపోతారనుకున్నారు. కత్రినాకు ముందు 80 నుంచి 90 శాతం జనం ఊరు వదిలి వెళ్లారు. వరద ముప్పు అనగానే మనం నీళ్ల లోతు గురించే మాట్లాడతాం. ప్రాణాల లెక్కకొస్తే, నీళ్లొచ్చే వేళకి ఊళ్లో ఎవరు మిగిలారన్నదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న. ఈ మార్గదర్శి అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

విపత్తు నిర్వహణ చదివేవాళ్లకి, మునిసిపల్ ఇంజనీర్లకి ఇది నేరుగా పనికొస్తుంది. హ్యూస్టన్‌లోనో టాంపాలోనో ఇల్లు కొనబోయే మనవాళ్లు కూడా చదవొచ్చు, లెక్కలు గుణకారాన్ని దాటవు. మొత్తం పద్ధతి ఒక్క వాక్యంలో ఇదీ: ముంపులో మిగిలిపోయే జనాన్ని, వాళ్లలో చనిపోయే శాతంతో గుణించాలి. దాన్ని ఆ వరద ఒక ఏడాదిలో వచ్చే అవకాశంతో గుణించాలి.

1. నగరాన్ని ముక్కలుగా విడగొట్టండి

న్యూ ఆర్లీన్స్‌ను అందరూ గిన్నెతో పోలుస్తారు. నిజానికి అది ఒక గిన్నె కాదు, పక్కపక్కనే పెట్టిన నాలుగైదు గిన్నెలు. ఉత్తరాన పాంచర్‌ట్రెయిన్ సరస్సు, దక్షిణాన మిసిసిపీ నది, మధ్యలో కాలువలు, వాటి వెంట కట్టలు. ఒక భాగంలోకి వచ్చిన నీళ్లు పక్క భాగంలోకి వెళ్లాలంటే ఇంకో కట్ట దాటాలి. నగరంలో దాదాపు సగం సముద్ర మట్టానికి దిగువనే ఉంది. నది ఒడ్డున ఫ్రెంచ్ క్వార్టర్ ఉన్న పాత మెరక మాత్రం కత్రినాలో చాలావరకు మునగలేదు. పాతకాలం వాళ్లు ఎక్కడ ఇళ్లు కట్టుకున్నారో చూస్తే సగం మ్యాప్ అర్థమైపోతుంది.

అందుకని "నగరం మొత్తానికి ముప్పు ఎంత" అని మొదలుపెట్టకండి. ఎత్తుల మ్యాప్ తీసుకుని, కట్టలు, రోడ్డు గట్లు, రైలు గట్లు గుర్తించి, నీళ్లు కలిసికట్టుగా నిండే ప్రాంతాలను వేరుచేయండి. ప్రతి ప్రాంతానికీ లెక్క విడిగా ఉంటుంది.

2. నీళ్లు ఎటునుంచి వస్తాయో రాసుకోండి

ఉప్పెన, వాన, నది. ఈ మూడింటినీ కలిపేస్తే లెక్క పాడవుతుంది.

హరికేన్ కేటగిరీని చూసి ఉప్పెనను ఊహించకండి. 1 నుంచి 5 వరకు ఉండే ఆ కేటగిరీ గాలి వేగాన్ని మాత్రమే చెబుతుంది. కత్రినా తీరం దాటేటప్పుడు కేటగిరీ 3 మాత్రమే. అంతకుముందు గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కేటగిరీ 5గా ఉన్నప్పుడు లేపిన నీళ్లు అలాగే తోసుకొచ్చాయి. మిసిసిపీ రాష్ట్ర తీరంలో ఉప్పెన 27 అడుగులు దాటింది. 2008లో వచ్చిన ఐక్ కేటగిరీ 2 అయినా టెక్సస్ తీరంలో ఊళ్లను తుడిచేసింది. తుఫాను ఎంత వెడల్పుగా ఉంది, ఎంత నెమ్మదిగా కదులుతోంది, తీరం దగ్గర సముద్రం ఎంత లోతు తక్కువ అన్నవే ఉప్పెనను తేలుస్తాయి. నేషనల్ హరికేన్ సెంటర్ వాడే 'స్లాష్' అనే మోడల్ వీటన్నిటినీ లెక్కలోకి తీసుకుంటుంది. ఏ కేటగిరీకి ఎంత దూరం నీళ్లు రావచ్చో చూపే మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి. పని అక్కడ మొదలుపెట్టండి.

వానను చిన్నచూపు చూడకండి. 1963 నుంచి 2012 వరకు అమెరికాలో తుఫాను మరణాల్లో దాదాపు సగం ఉప్పెన వల్ల, పాతిక శాతం పైగా వాన వరద వల్ల జరిగాయి. 2013 నుంచి 2022 దాకా చూస్తే వరస తారుమారైంది: సగానికి పైగా వాన వరద, ఉప్పెన పదో వంతు చిల్లర. 2017లో హార్వీ హ్యూస్టన్ మీద రోజుల తరబడి కురిసినప్పుడు చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ప్రభుత్వ మ్యాపులో 'వరద ప్రాంతం' అని గీసిన హద్దులకు బయట పోయారు. చాలామంది కార్లలో, రోడ్ల మీద. మ్యాపులో రంగు లేని చోట ఉన్నాం కాబట్టి ఫర్వాలేదు అనుకునేవాళ్లకి ఇదొక్కటి చాలు.

న్యూ ఆర్లీన్స్‌లో పడిన ప్రతి చుక్కా పంపుతో ఎత్తి బయటికి పోయాల్సిందే. పంపులు ఆగితే మామూలు వానకే వీధులు నిండుతాయి. 2017 ఆగస్టులో తుఫాను లేకుండానే, ఒక్క కుండపోత వానకి, కొన్ని పంపులు పనిచేయక వీధులు మునిగాయి. కాబట్టి "పంపులు పనిచేయకపోతే" అన్న పరిస్థితిని తప్పకుండా విడిగా రాయండి.

3. కట్ట ఎక్కడ తెగుతుంది?

కట్ట ఎత్తు చూసి, నీళ్ల ఎత్తు చూసి, తీసివేత చేసి ఊరుకోవడం అందరూ చేసే పని. కత్రినాలో 17వ వీధి కాలువ, లండన్ అవెన్యూ కాలువల గోడలు నీళ్లు పైనుంచి పొర్లకముందే పడిపోయాయి. నీళ్లు ఇంకా గోడ అంచుకు దిగువనే ఉన్నాయి. గోడ కింద మెత్తటి మట్టి జారిపోయింది. అదే రోజు ఇండస్ట్రియల్ కాలువ తూర్పు గట్టున గండి పడి లోయర్ నైన్త్ వార్డ్ అనే పేటలోకి నీళ్లు దూసుకొచ్చాయి. మొత్తం వ్యవస్థలో గండ్లు 50 దాటాయి.

అందుకని ప్రతి ప్రాంతానికీ కనీసం మూడు పరిస్థితులు రాయండి: కట్ట నిలిచి పైనుంచి పొర్లడం, పొర్లి తెగడం, పొర్లకుండానే తెగడం. ఒక్కోదానికి ఏడాదికి ఎంత అవకాశమో వేయండి. ఇక్కడ చాలామంది 'వందేళ్ల వరద' దగ్గర తడబడతారు. అది వందేళ్లకోసారి వచ్చేది కాదు, ప్రతి ఏడాదీ 1 శాతం అవకాశం ఉన్నది. 30 ఏళ్ల హోమ్ లోన్ తీరేలోపు ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. కత్రినా తర్వాత 1,450 కోట్ల డాలర్లతో కట్టిన కొత్త రక్షణ వ్యవస్థ, దాదాపు మూడు కిలోమీటర్ల పొడవు, 26 అడుగుల ఎత్తు ఉన్న బోర్న్ సరస్సు ఉప్పెన గోడతో సహా, ఈ వందేళ్ల స్థాయికే కట్టారు. అది తక్కువేం కాదు. కానీ నేల ఏటా కుంగుతోంది, సముద్రం పెరుగుతోంది, కాబట్టి ఈ ఏడాది 1 శాతం పదేళ్ల తర్వాత అదే 1 శాతంగా ఉండదు.

4. లోతు ఒక్కటే చాలదు

ప్రతి పరిస్థితికీ మూడు అంకెలు కావాలి: ఎంత లోతు, ఎంత వేగంగా ప్రవహిస్తుంది, గంటకు ఎంత పెరుగుతుంది. అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం ఉచితంగా ఇచ్చే హెచ్‌ఈసీ-రాస్ సాఫ్ట్‌వేర్‌తో ఇవి తీయొచ్చు. తర్వాత ప్రతి ప్రాంతాన్నీ మూడు మండలాలుగా విడగొట్టండి.

మొదటిది గండి మండలం. లోతును (మీటర్లలో) వేగంతో (సెకనుకు మీటర్లలో) గుణిస్తే వచ్చే అంకె 5 దాటిన చోట మామూలు కలప ఇళ్లు నిలవవు. లోయర్ నైన్త్ వార్డ్‌లో గండి దగ్గరి ఇళ్లు పునాదుల మీంచి లేచి పక్క వీధిలో తేలాయి. రెండోది నీళ్లు గబగబా పెరిగే మండలం: గంటకు అర మీటరుకు పైగా పెరిగి, లోతు మనిషి ఎత్తు దాటే చోట. ఇక్కడ ఇల్లు నిలుస్తుంది కానీ పై అంతస్తు లేనివాళ్లు చిక్కుకుపోతారు. మిగతాదంతా మూడోది.

రోడ్ల సంగతి వేరే. పారే నీళ్లు ఆరు అంగుళాలుంటే పెద్ద మనిషి కూడా పడిపోతాడు. అడుగు నీళ్లు చిన్న కార్లను తేల్చేస్తాయి. రెండడుగులకి ఎస్‌యూవీలు కూడా కొట్టుకుపోతాయి. కాబట్టి అండర్‌పాస్‌లు, పల్లపు రోడ్లు మ్యాపులో విడిగా గుర్తు పెట్టండి.

5. ఎవరు మిగిలిపోతారు? (సగం పని ఇదే)

జనాభా లెక్కల పట్టిక తీసుకుని గుణించేయడం తేలిక. దానివల్ల వచ్చే అంకెకు విలువ తక్కువ. ప్రతి ప్రాంతానికీ ఈ ప్రశ్నలు వేయండి.

కారు ఎవరికి లేదు? కత్రినా నాటికి న్యూ ఆర్లీన్స్‌లో 27 శాతం ఇళ్లకి కారు లేదు. "ఊరు ఖాళీ చేయండి" అన్న మాట వాళ్లకి వినబడింది, వెళ్లే దారే లేదు. ఇంకొందరికి కారు ఉంది, నెలాఖరు కావడంతో పెట్రోలుకీ హోటల్ గదికీ చేతిలో డబ్బుల్లేవు. కొంతమంది మంచాన పడ్డ తల్లిని వదల్లేక ఉండిపోయారు, కొంతమంది కుక్కను వదల్లేక. "ఇంతకుముందు ఎన్ని చూళ్లేదు" అన్నవాళ్లూ ఉన్నారు. కోస్తాలో పుట్టినవాళ్లకి ఈ మాట కొత్త కాదు.

టైమ్ ఎంత దొరుకుతుంది? న్యూ ఆర్లీన్స్ ప్రాంతంలో ఖాళీ చేయించడం దఫాలవారీగా సాగుతుంది: కట్టల బయట ఉన్న తీర ప్రాంతం తుఫాను గాలులకు 50 గంటల ముందు, తర్వాతి దఫా 40 గంటలు, నగరం 30 గంటలు. కత్రినాలో తప్పనిసరి ఉత్తర్వు ఆగస్టు 28 ఉదయం వచ్చింది, తుఫాను తీరం తాకడానికి 24 గంటలు కూడా లేదు. 2021లో ఐడా కథ ఇంకో రకం. ఆగస్టు 26న వాయుగుండంగా పుట్టి, 29కల్లా కేటగిరీ 4గా తీరం తాకింది. హైవేలో రెండు వైపులా ఒకే దిశలో వాహనాలు వదిలే ఏర్పాటుకి టైమ్ చాలదని, కట్టల లోపలి జనానికి తప్పనిసరి ఉత్తర్వు ఇవ్వలేదు. ఇలా ఉన్నపళంగా బలపడే తుఫానుల్లో "85 శాతం వెళ్లిపోతారు" అన్న అంచనా పనిచేయదు. కాబట్టి ఒకే శాతం రాయకండి. మంచి రోజుకి 95, మామూలు రోజుకి 85, చెడ్డ రోజుకి 40 అంటూ మూడు వేసుకుని, మూడింటికీ లెక్క కట్టండి.

కదల్లేనివాళ్లు ఎక్కడున్నారు? ఆస్పత్రులు, వృద్ధాశ్రమాలు, డయాలసిస్ కేంద్రాలు, జైళ్లు అన్నీ మ్యాపు మీద చుక్కలుగా పెట్టండి. సెయింట్ బెర్నార్డ్ పారిష్‌లో (పారిష్ అంటే మన జిల్లా లాంటిది) ఒక్క వృద్ధాశ్రమంలోనే 35 మంది మునిగి చనిపోయారు. సగటుల్లో ఇలాంటివి కనబడవు. ఒక్కో భవనానికి ఒక్కో వరుస రాయాల్సిందే: ఎంతమంది, ఎన్ని అంతస్తులు, జనరేటర్ ఏ అంతస్తులో ఉంది. నేలమాళిగలో జనరేటర్ ఉన్న ఆస్పత్రిని నేనైతే జనరేటర్ లేని ఆస్పత్రిగానే రాస్తాను.

పైకి ఎక్కే దారి ఉందా? న్యూ ఆర్లీన్స్‌లో 1965 నాటి బెట్సీ హరికేన్‌లో అటక ఎక్కి, బయటపడే దారి లేక చనిపోయినవాళ్లున్నారు. అప్పటినుంచి అటక మీద గొడ్డలి పెట్టుకోవడం చాలా ఇళ్లలో అలవాటైంది, కప్పు పగలగొట్టుకుని పైకి రావడానికి. కత్రినాలోనూ అటకల్లో శవాలు దొరికాయి. మన దగ్గర 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మంది వరకు పోవడానికి కారణాల్లో ఇదొకటి: ఊరంతా గుడిసెలు, ఎక్కడానికి డాబా లేదు. ఆ తర్వాతే కోస్తా పొడవునా తుఫాను షెల్టర్లు లేచాయి. మీ ప్రాంతంలో ఒంటి అంతస్తు ఇళ్లు ఎన్ని, నడిచి చేరగల గట్టి మేడ ఎంత దూరంలో ఉంది అన్నది లెక్కలో చేర్చండి.

6. మిగిలినవాళ్లలో ఎంతమంది చనిపోతారు?

కత్రినా మరణాలను మ్యాపుల మీద పెట్టి చేసిన పరిశోధనలో ముంపులో చిక్కుకున్నవాళ్లలో సగటున 1 శాతం చనిపోయారని తేలింది. గండి మండలంలో అది 5.3 శాతం. వేరే నగరానికి వాడేటప్పుడు ఇవి రాతి మీద గీతలు కావు, కానీ ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.

వయసు చూడకుండా ఈ శాతాలు వాడకండి. లూసియానాలో నమోదైన 971 మరణాల మీద జరిగిన అధ్యయనంలో 49 శాతం మంది 75 ఏళ్లు, ఆ పైబడినవాళ్లు. మునిగిపోవడం వల్ల పోయినవాళ్లు 40 శాతమే. గాయాలు 25 శాతం, గుండె జబ్బులు 11 శాతం. అంటే నీళ్లే నేరుగా చంపినవి సగంకన్నా తక్కువ.

7. ఒక చిన్న లెక్క

ఊహకి ఒక పేట తీసుకుందాం. జనాభా 10,000. కట్ట తెగే అవకాశం ఏడాదికి 200లో 1. మామూలు రోజు, 85 శాతం వెళ్లిపోయారు, 1,500 మంది మిగిలారు. వాళ్లలో 200 మంది గండి మండలంలో ఉన్నారు.

గండి మండలం: 200 × 5.3 శాతం = దాదాపు 11 మంది. మిగతా చోట్ల: 1,300 × 1 శాతం = 13 మంది. (మొత్తం మీది సగటునే ఇక్కడ వాడాం కాబట్టి ఇది కాస్త ఎక్కువే చూపిస్తుంది.) మొత్తం 24. ఏడాది సగటు కావాలంటే 200తో భాగిస్తే 0.12.

ఇప్పుడు అదే పేటలో 95 శాతం వెళ్లారనుకోండి. మిగిలింది 500 మంది. అదే నిష్పత్తిలో విడగొడితే మరణాలు 8కి దిగుతాయి. కట్టకు ఒక్క ఇటుక పెట్టలేదు, ఒక్క అడుగు ఎత్తు పెంచలేదు. చెడ్డ రోజున 40 శాతమే వెళితే? 6,000 మంది మిగులుతారు, మరణాలు 94కి చేరతాయి.

పెద్ద నగరానికి ఇదంతా చేత్తో చేయలేం. హెచ్‌ఈసీ-లైఫ్‌సిమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇల్లిల్లుగా, గంట గంటకీ ఈ పని చేస్తుంది. అయినా ముందు ఒక పేటకి చేత్తో వేసి చూసుకోండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె తప్పయితే పట్టుకోగలిగేది అప్పుడే.

8. నీళ్లు రాకపోయినా

ఐడాలో న్యూ ఆర్లీన్స్ కొత్త కట్టలు నిలిచాయి. నగరానికి కరెంటు తెచ్చే ఎనిమిది పెద్ద లైన్లూ పడిపోయాయి. సెప్టెంబరు ఎండలో ఏసీల్లేక వడదెబ్బకే ఎక్కువమంది చనిపోయారు. ఇంట్లో పెట్టుకున్న జనరేటర్ల పొగకు చనిపోయినవాళ్లూ ఉన్నారు. కాబట్టి "కట్ట నిలిచింది, కరెంటు పది రోజులు లేదు" అన్న పరిస్థితిని కూడా పట్టికలో పెట్టండి. ఇది గండికన్నా తరచుగా వచ్చే పరిస్థితి.

9. ఈ అంకె ఎక్కువా, తక్కువా?

పోల్చడానికి గీటురాళ్లు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో కట్ట వెనక ఉన్న ఏ మనిషికైనా వరదలో చనిపోయే అవకాశం ఏడాదికి లక్షలో 1 దాటకూడదని 2017 నుంచి చట్టం. అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం వాడే హద్దు పది వేలలో 1.

మన పేటలో గండి మండలం వ్యక్తికి: 200లో 1 × మిగిలిపోయే అవకాశం 15 శాతం × 5.3 శాతం. దాదాపు 25 వేలలో 1. అమెరికా హద్దు లోపలే ఉంది, ఇంజనీరు సంతకం పెట్టేయొచ్చు. ఆగండి. అదే వీధిలో కారు లేని 80 ఏళ్ల పెద్దావిడకి మిగిలిపోయే అవకాశం 15 శాతం కాదు, నూటికి నూరు. ఆవిడ లెక్క: 200లో 1 × 5.3 శాతం, అంటే 3,800లో 1. వయసు కలిపితే ఇంకా ఎక్కువ. హద్దు దాటిపోయింది. పొరుగింటి కుర్రాడు కారెక్కి వెళ్లిపోవడం వల్ల వచ్చిన సగటును ఆవిడకి అంటగట్టడం అన్యాయం. అందుకే నివేదికలో సగటు పక్కనే "వెళ్లలేనివాళ్లకి" అన్న గడి ఒకటి తప్పనిసరిగా ఉండాలి. చాలా నివేదికల్లో ఆ గడి ఉండదు.

10. ఒక్కో అంకె మార్చి చూడండి

చివరిగా, ఒక్కో అంకెను కొంచెం పెంచి, కొంచెం తగ్గించి మొత్తం ఎంత కదులుతుందో చూడండి. చాలా పేటల్లో కట్ట ఎత్తుకన్నా మిగిలిపోయే జనం శాతమే ఎక్కువ కదిలిస్తుంది. డబ్బు ఎక్కడ పెట్టాలో అదే చెబుతుంది. కత్రినా తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో కారు లేనివాళ్ల కోసం 17 చోట్ల బస్సులు ఎక్కించుకునే స్థలాలు పెట్టారు. ఒక్కో చోట చెయ్యెత్తి బస్సు ఆపుతున్న మనిషి ఆకారంలో పెద్ద ఉక్కు శిల్పం నిలబెట్టారు, ఎవరూ అడగకుండానే తెలిసేలా. ఇలాంటి ఏర్పాటు వల్ల మీ పేటలో 85 శాతం ఎంతకు పెరుగుతుందో ఊహించి, ఏడో మెట్టులోని లెక్క మళ్లీ వేయండి. ఆ స్థలం దాకా నడవలేనివాళ్ల పేర్లు వార్డు ఆఫీసులో జాబితాగా ఉన్నాయో లేదో కనుక్కుని, లేకపోతే వాళ్లందరినీ "మిగిలినవాళ్లు" గడిలోనే ఉంచండి. జాబితా పాతబడుతుంది కాబట్టి ప్రతి జూన్‌కి ముందు, హరికేన్ సీజన్ మొదలవకుండానే, ఐదో మెట్టు మళ్లీ చేయాలి.